ఆ బూస్టర్ యాప్‌కి మిగతా యాప్‌లు కనపడవండీ

ఎడిటర్ గారికి నమస్కారం. ఆదివారం మీ టెక్ పేజీలో ఫోన్ స్లో అయితే ఏం చెయ్యాలి అని వచ్చింది చదివాను, అందులో ఒక ర్యామ్ బూస్టర్ యాప్ వేసుకోమని, వెనకాల నడుస్తున్న యాప్‌లన్నిటినీ అది పట్టుకుని మూసేస్తుందని రాశారు. మీ పేపర్లో వచ్చిందంటే మా మామయ్యకి ఇంక తిరుగులేదు, మధ్యాహ్నానికల్లా వేసేసుకున్నారు, ఇప్పుడు ఫోన్ తెరిస్తే ముందు ఒక యాడ్, అది మూస్తే ఇంకో యాడ్. యాడ్ల సంగతి అలా ఉంచండి, అసలు ఆ యాప్ చేస్తానంటున్న పని ఈ రోజుల్లో ఆండ్రాయిడ్‌లో మామూలు యాప్‌కి చేతకాదు, నా గొడవ అదీ.

నేను సర్వర్లు చూసుకునే ఉద్యోగంలో ఉన్నాను, పొద్దున లేస్తే లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తోనే పని. ఆండ్రాయిడ్ అడుగున ఉన్నది కూడా లినక్స్ కెర్నలే, అంటే ప్రోగ్రామ్‌లన్నిటినీ నడిపించే మూల భాగం. ఏ ప్రాసెస్, అంటే ఏ ప్రోగ్రామ్, నడుస్తోంది, ఎంత మెమరీ తింటోంది, పనిలో ఉందా నిద్రలో ఉందా అన్న లెక్క ఉండేది కెర్నల్ దగ్గరే, ఎవరికి కావాలన్నా దాన్నే అడగాలి. ఒకప్పుడు లినక్స్‌కి ముందు తరమైన యూనిక్స్‌లో, నడుస్తున్నవాటి లిస్టు చూపించే పీఎస్ కమాండ్ ఏకంగా కెర్నల్ మెమరీలో చెయ్యి పెట్టి వెతుక్కునేది, దానికోసం ఆ ప్రోగ్రామ్‌కి స్పెషల్ పవర్స్ ఇవ్వాల్సొచ్చేది. 1984లో బెల్ ల్యాబ్స్‌లో టామ్ కిలియన్ అనే ఆయన ప్రాసెస్‌లని ఫైళ్ళలాగా చూపించే పద్ధతి తెచ్చాడు, అదే స్లాష్ ప్రాక్. లినక్స్‌లో అయితే ప్రతి ప్రాసెస్‌కీ దాని నంబర్‌తో ఒక ఫోల్డర్, లోపల స్టేటస్ అని ఒక ఫైలు, సైజు చూస్తే సున్నా ఉంటుంది, తెరిస్తే మాత్రం పేరు, పేరెంట్ నంబరు, ఎన్ని కేబీల ర్యామ్, ఎన్ని థ్రెడ్లు అన్నీ వచ్చేస్తాయి, ఎందుకంటే అది డిస్క్ మీద ఉండే ఫైలు కాదు, మనం చదివినప్పుడు కెర్నల్ అప్పటికప్పుడు రాసిచ్చేది. ప్రాసెస్‌ల లిస్టు చూపించే టాప్, హెచ్‌టాప్ లాంటి ప్రోగ్రామ్‌లైనా అక్కణ్ణించి ఏరుకొచ్చి చూపించేవే.

ఇప్పుడు అసలు విషయం. పాత ఆండ్రాయిడ్‌లో ఏ యాప్ అయినా ఏమేం నడుస్తున్నాయో అడిగి తెలుసుకునేది. 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5 నుంచి గూగుల్ ఆ జవాబులు తగ్గిస్తూ వచ్చింది, దాంతో యాప్‌ల వాళ్ళు తెలివిగా ఈ ప్రాక్ ఫోల్డర్నే నేరుగా చదవడం మొదలెట్టారు. 2016లో ఆండ్రాయిడ్ 7తో దానికీ తాళం పడింది. లినక్స్‌లో 2012 నుంచి హైడ్‌పిడ్ అని ఒక సెట్టింగ్ ఉంది, దాన్ని 2 అని పెడితే ఏ యూజర్ ప్రాసెస్‌లు ఆ యూజర్‌కే కనపడతాయి, పక్కవాళ్ళవి ఉన్నట్టు కూడా తెలీదు. ఆండ్రాయిడ్‌లో మామూలుగా ఒక్కో యాప్‌కి ఒక్కో యూజర్ నంబర్ ఇస్తారు కాబట్టి ఒక యాప్ ప్రాసెస్ ఇంకో యాప్‌కి కనపడే ఛాన్సే లేదు.

నమ్మకం కుదరకపోతే మీ డెస్క్ వాళ్ళనే చూసుకోమనండి. ఫోన్లో కమాండ్లు కొట్టే టెర్మక్స్ అనే యాప్ వేసి పీఎస్ అని కొడితే వచ్చేది దాని సొంత బ్యాష్ (కమాండ్లు అందుకునే ప్రోగ్రామ్), ఆ కొట్టిన పీఎస్, అంతే. అదే ఫోన్‌ని కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి పెట్టి ఏడీబీ షెల్‌లో, అంటే ల్యాప్‌టాప్ నుంచి ఫోన్‌కి కమాండ్లు ఇచ్చే డెవలపర్ల టూల్‌లో, పీఎస్ హైఫన్ క్యాపిటల్ ఏ కొట్టండి, వాట్సాప్ దగ్గర్నించి సిస్టమ్ సర్వర్ దాకా స్క్రీన్ ఆగకుండా పైకి పోతూనే ఉంటుంది. ఫోన్ అదే, కెర్నల్ అదే, అడిగిందెవరు అన్నదే తేడా. ఏడీబీ షెల్‌ని రీడ్‌ప్రాక్ అనే, అందరి ప్రాసెస్‌లూ చూడనిచ్చే గ్రూపులో పెట్టారు, బూస్టర్ యాప్‌ని ఎవరూ పెట్టరు.

మరి బూస్టర్‌లో ఆ లిస్టు ఎక్కడిదంటారా? ఇన్‌స్టాల్ అయి ఉన్న యాప్‌ల పేర్లు, యూసేజ్ యాక్సెస్ అనే పర్మిషన్ ఇచ్చి ఉంటే ఏది చివరిసారి ఎప్పుడు వాడామన్నది, ఇంతకు మించి దానికి దొరికేది పెద్దగా లేదు. మూసెయ్యడం కూడా, 2023లో వచ్చిన ఆండ్రాయిడ్ 14 నుంచి వేరే యాప్‌ల బ్యాక్‌గ్రౌండ్ ప్రాసెస్‌లని చంపమని యాప్ సిస్టమ్‌ని అడిగే కాల్ దాని సొంత ప్రాసెస్‌ల మీదే పనిచేస్తుంది. కొన్ని యాప్‌లు యాక్సెసిబిలిటీ పర్మిషన్ అడిగి మన బదులు ఫోర్స్ స్టాప్ బటన్ నొక్కుతాయి, అది ఇంకా డేంజర్, ఆ పర్మిషన్ ఉంటే స్క్రీన్ మీద ఉన్నది కూడా చదవొచ్చు.

తాళం ఊరికే వెయ్యలేదండీ. 2012లోనే ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ వాళ్ళు, ప్రాక్‌లో బ్రౌజర్ మెమరీ ఎలా పెరుగుతోంది తగ్గుతోంది అన్నది గమనిస్తూ ఉంటే చాలు, మనిషి ఏ వెబ్‌సైట్ తెరిచాడో కనిపెట్టొచ్చని చూపించారు. ఇక ర్యామ్ నిండటం రోగమేం కాదు, మళ్ళీ తెరిస్తే త్వరగా రావాలని ఆండ్రాయిడ్ వాడిన యాప్‌లని అట్టే పెట్టుకుంటుంది, చోటు చాలకపోతే తనే తీసేస్తుంది. బలవంతంగా తీసేస్తే మళ్ళీ మొదట్నించి లోడ్ అవ్వాలి, ఛార్జింగ్ ఖర్చు.

అందుకని వచ్చే ఆదివారం అదే పేజీలో చిన్న సవరణ వెయ్యండి, ఎక్కడో మూల కాకుండా. నిజంగా నడుస్తున్నవి చూడాలనుకునే వాళ్ళకి డెవలపర్ ఆప్షన్స్‌లో రన్నింగ్ సర్వీసెస్ అని ఉందని చెప్పండి, అబౌట్ ఫోన్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే ఆ ఆప్షన్స్ వస్తాయి, కొన్ని ఫోన్లలో పేర్లు కాస్త అటూ ఇటూగా ఉంటాయి. చూసుకున్నాక ఆఫ్ చెయ్యమని కూడా రాయండి, అది ఆన్‌లో ఉంటే కొన్ని బ్యాంకు యాప్‌లు మొరాయిస్తాయి, తర్వాత ఏమైందో చూడమని ఫోన్ కాల్స్ అన్నీ మాబోటి వాళ్ళకే వస్తాయి.

ఇట్లు,
మీ పాఠకుడు, హనుమకొండ