సభ్యులకు వార్షిక నివేదిక: పెన్‌డ్రైవ్‌లతో గడిచిన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం పనుల్లో ఎక్కువ భాగం పెన్‌డ్రైవ్ చుట్టూనే తిరిగింది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11 ఏమో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉంటేనే వస్తానంటుంది. అది లేని ల్యాప్‌టాప్‌లు పట్టుకుని సభ్యులు ఒకరి వెనక ఒకరు వచ్చారు. పారేయడానికి మనసొప్పదు, అలాగే వాడదామంటే భయం. అందుకని నెలవారీ సమావేశాల్లో మిగతా అంశాలు పక్కన పెట్టి, విండోస్‌కు బదులు వాడుకోదగ్గ ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్‌తో కంప్యూటర్‌ను మొదలుపెట్టే (బూటబుల్) పెన్‌డ్రైవ్ ఎలా చేసుకోవాలో నేర్పుతూ కూర్చున్నాం.

మొదటి సమావేశంలో చాలామంది ఐఎస్ఓ ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకొచ్చి, బూట్ అవడం లేదన్నారు. ఐఎస్ఓ అంటే ఒక డిస్కు మొత్తానికి తీసిన అచ్చు. దాన్ని డ్రైవ్ మొదలు నుంచి దించాలి గానీ, ఫైలుగా లోపల పడేస్తే లాభం లేదు. ఆ పని చేసిపెట్టే ప్రోగ్రాముల్లో విండోస్ ఉన్నవాళ్లకు రూఫస్, మిగతావాళ్లకు ఎచర్ చూపించాం. వెంటాయ్ తీరు వేరు. దాన్ని ఒకసారి డ్రైవ్‌లో ఎక్కిస్తే, ఆపైన ఐఎస్ఓలను నిజంగానే కాపీ చేసి వదిలేయొచ్చు.

దించుకున్న ఫైలు అసలుదేనా అని తేల్చే ఎస్‌హెచ్‌ఏ256 సంకేతాన్ని సరిచూడమంటే కొందరికి చాదస్తంగా తోచింది. 64 అక్షరాల్లో మొదటి నాలుగు, చివరి నాలుగు చూసి సరేననేవాళ్లే ఎక్కువ, నాతో సహా. సగంలో తెగిన డౌన్‌లోడ్‌ను పట్టుకోవడానికి అది చాలు. ఎవరైనా కావాలని మార్చిన ఫైలైతే మాత్రం మొత్తం పోల్చాల్సిందే.

ఇక చెప్పక తప్పని సంగతి. ఒక సమావేశంలో నేను ఐఎస్ఓను నేరుగా డ్రైవ్ మీద రాసే డీడీ కమాండ్ చూపిస్తున్నాను. డ్రైవ్‌ల జాబితా చూపే ఎల్ఎస్‌బీఎల్‌కే కొడితే ఎస్‌డీబీ, ఎస్‌డీసీ అని రెండు కనిపించాయి. మొదటిది పెన్‌డ్రైవ్, రెండోది ఒక సభ్యురాలు ఫోటోలు దాచుకున్న హార్డ్ డిస్కు. మాటల్లో పడి బీ బదులు సీ కొట్టాను. డీడీ ఏదీ తిరిగి అడగదు, చెప్పింది చేసుకుపోతుంది. పెన్‌డ్రైవ్ లైటు కదలకపోగా పక్కన హార్డ్ డిస్కు గరగరలాడితే గానీ నాకు తెలియలేదు. ఆపేసరికి డిస్కు మొదటి భాగం పోయింది. పోయిన ఫైళ్లను వెలికితీసే ఫోటోరెక్‌తో చాలావరకు వెనక్కి తెచ్చాం. ఐఎస్ఓ పడిన చోట ఉన్నవి మాత్రం రాలేదు. వచ్చినవాటికి పాత పేర్లు లేవు, ఫోల్డర్లు లేవు. ఏది ఎప్పటిదో ఆవిడ ఒక్కొక్కటే తెరిచి సర్దుకోవాల్సి వచ్చింది. అప్పుడు చెప్పిన క్షమాపణే ఇక్కడ మళ్లీ రాతపూర్వకంగా చెబుతున్నాను.

ఆ రోజు నుంచి మన పద్ధతి మారింది. రాసే ముందు మిగతా డ్రైవ్‌లన్నీ పీకేస్తాం. తెర మీద కనబడే సైజును పక్కన కూర్చున్నవాళ్లు పైకి చదువుతారు. 16 జీబీ డ్రైవ్ 14.9గా కనబడితే కంగారు వద్దు. తయారీదారులు వెయ్యితో లెక్కగడతారు, కంప్యూటర్ 1024తో.

రెండో చిక్కు బిట్‌లాకర్, అంటే విండోస్ డిస్కుకు వేసే తాళం. కంప్యూటర్ ఏ డ్రైవ్‌తో మొదలవ్వాలో ఎంచుకునే బూట్ మెనూ కోసం సెట్టింగుల్లోకి వెళ్లి, నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌నే మొదలవనిచ్చే సెక్యూర్ బూట్‌ను ఆపేస్తే, తర్వాత విండోస్ 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. బిట్‌లాకర్ ఆన్‌లో ఉందని కూడా కొందరికి తెలియదు. కీ చాలాసార్లు మైక్రోసాఫ్ట్ ఖాతాలోనే దొరుకుతుంది, కానీ వెతుక్కోవాల్సింది ముందు. అసలు ఉబుంటు, మింట్ లాంటి లైనక్స్ రకాలు సెక్యూర్ బూట్ ఉండగానే బూట్ అవుతాయి, దాని జోలికి పోనక్కర్లేదు. మెనూ కీ ఎఫ్12, ఎఫ్9, ఎస్కేప్‌లలో ఏదో ఒకటి ఉంటుంది, కంపెనీని బట్టి.

పని అయ్యాక పెన్‌డ్రైవ్‌ను విండోస్‌లో పెడితే "ఫార్మాట్ చేయమంటారా" అని అడుగుతోందని, డ్రైవ్ పాడైందని ఫోన్లు వచ్చాయి. పాడవలేదు. లైనక్స్ రాసుకున్నది విండోస్ చదవలేక అలా అడుగుతుంది. మామూలు వాడకానికి కావాలనుకుంటే ఫార్మాట్ చేసుకోండి.

వచ్చే ఏడాది మొదటి సమావేశంలో పర్సిస్టెన్స్ సంగతి చూద్దాం. అది లేకపోతే లైవ్‌లో, అంటే పెన్‌డ్రైవ్ నుంచే లైనక్స్ నడిపినప్పుడు, చేసిన మార్పులేవీ షట్‌డౌన్ తర్వాత మిగలవు. జమాఖర్చులు కోశాధికారి విడిగా సమర్పిస్తారు. ఇంట్లో 8 జీబీ, ఆపై పెన్‌డ్రైవ్‌లు ఊరికే పడి ఉంటే తెచ్చివ్వండి. హార్డ్ డిస్కులు మాత్రం ఇంట్లోనే వదిలి రండి.

— కార్యదర్శి