ఫ్లైట్ ఎక్కే రోజున ఇక దర్శనాలు పెట్టుకోం

తెనాలి నుంచి శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు మా కార్లలో వెళ్ళే అందరికీ నమస్కారం. డిసెంబరు, జనవరి బుకింగులు మొదలయ్యాయి. సెలవులకు వచ్చి తిరిగి అమెరికాకో గల్ఫ్‌కో వెళ్ళేవాళ్ళు, "ఎలాగూ కారులోనే వెళ్తున్నాం కదా, దారిలో ఏమేం చూసుకుని వెళ్ళొచ్చు?" అని అడుగుతున్నారు. ఈ సీజను నుంచి ఆ విషయంలో మా పద్ధతి మారింది. ఎందుకు మారిందో చెప్పకుండా కొత్త రేటు మాత్రం పంపడం నాకు నచ్చలేదు.

2025 సంక్రాంతి వెళ్ళాక వచ్చిన ఆదివారం. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, సాగనంపడానికి అమ్మాయి తల్లిదండ్రులు. ఫ్లైట్ అర్ధరాత్రి దాటాక రెండున్నరకు. పొద్దున ఎనిమిదింటికి తెనాలిలో బయల్దేరి బెజవాడలో దుర్గమ్మ దర్శనం, కొండపల్లిలో బొమ్మలు, సూర్యాపేట పక్కన పిల్లలమర్రి, ఆఖరున యాదగిరిగుట్ట, అక్కణ్ణుంచి ఎయిర్‌పోర్టు. ఆ ప్లాన్ వేసింది నేనే. దూరం 350 కిలోమీటర్ల పైనే, చేతిలో పద్దెనిమిది గంటలు. చాలా టైముందనుకున్నాను.

ఇంద్రకీలాద్రి క్యూలోనే మూడు గంటలు పోయాయి. పండక్కి ఊళ్ళకొచ్చిన జనమంతా ఆ రోజే హైదరాబాద్ మళ్ళారు. చిల్లకల్లు టోల్‌గేటు దగ్గర మొదలైన బారు పంతంగి దాటేదాకా వదల్లేదు. పిల్లలమర్రి మానేశాం. గుట్ట కూడా మానేద్దామని డ్రైవర్ అంటే, "మొక్కుంది బాబూ, వీళ్ళు మళ్ళీ ఎన్నాళ్ళకొస్తారో" అని పెద్దావిడ బతిమాలారు. డ్రైవర్ నాకు ఫోన్ చేస్తే, "సరే, తీసుకెళ్ళు" అన్నాను. ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది.

కౌంటరు మూయడానికి పది నిమిషాల ముందు చేరారు. ఫ్లైట్ అందింది. కానీ టికెట్ లేనివాళ్ళను లోపలికి పంపరు కదా, వీడ్కోలు బయటే చెప్పుకోవాలి. ఆ తల్లీకూతుళ్ళకు దొరికింది రెండు నిమిషాలు, అదీ ట్రాలీలు తోసుకుంటూ. పెద్దాయన మనవడి చేతిలో పెట్టాలని తెచ్చుకున్న డబ్బుల కవరు ఆయన జేబులోనే ఉండిపోయింది. తిరిగొచ్చేటప్పుడు సూర్యాపేట దాకా ఆవిడ ఒక్క మాట కూడా మాట్లాడలేదని డ్రైవర్ చెప్పాడు. మర్నాడు వాళ్ళింటికి వెళ్ళి సగం డబ్బు తిరిగిచ్చాను. ఆయన వద్దన్నారు, నేనే బలవంతం చేశాను. దాంతో ఆ రాత్రి తిరిగి రాదని నాకూ తెలుసు.

రైలుంది, బస్సుంది. అయినా మీరు మా కారు పిలుస్తున్నారంటే అమ్మానాన్నలు చివరిదాకా మీతో ఉండాలనే. ఆ ఒక్క పనికే టైము లేకుండా చేసే ప్లాన్ ఎన్ని గుళ్ళు చూపించినా నాకు వద్దు. కాబట్టి ఇకనుంచి ఫ్లైట్ ఎక్కే రోజున క్యూ ఉండే చోటు ఏదీ పెట్టం. పెట్టమని అడిగినా ఒప్పుకోం. క్యూ ఉండేవన్నీ ముందు రోజే అయిపోవాలి.

ఫ్లైట్ రాత్రి రెండున్నరకే అనుకుందాం. ఎయిర్‌పోర్టుకు చేరాల్సిన రోజుకు ముందు రోజు తెల్లవారుజామున నాలుగున్నరకు తెనాలిలో బయల్దేరితే అమ్మవారి దర్శనం పొద్దున్నే ముగించుకోవచ్చు. కొండపల్లికి వెళ్ళేసరికి బొమ్మల షాపులు తెరిచి ఉంటాయి. అక్కడ తప్పకుండా ఆగమంటాను. తెల్లపొణికి చెక్కతో చేసే బొమ్మలు కాబట్టి బరువుండవు, బ్యాగులో చీరల మధ్య పెట్టుకుంటే విరగకుండా చేరతాయి. ఇత్తడి సామాను కొని ఎయిర్‌పోర్టులో బయటకు తీసినవాళ్ళను చాలామందిని చూశాను. సూర్యాపేటలో భోజనం చేశాక పిల్లలమర్రికి ఒక అరగంట ఇవ్వండి. కాకతీయుల కాలం నాటి శివాలయాలు, నల్లరాతి స్తంభాల మీద చెక్కడాలు చూస్తే పిల్లలు కూడా కదలరు. తోపులాట ఉండదు. చిట్యాల దగ్గర హైవే దిగి భువనగిరి మీదుగా సాయంత్రానికి గుట్ట చేరి, రాత్రికి అక్కడే ఉండిపోవాలి. కొత్తగా కట్టిన గుడి 2022 మార్చిలో తెరిచాక రద్దీ బాగా పెరిగింది. పొద్దున్నే దర్శనానికి వెళ్తే పెద్దవాళ్ళకు ఎండ బాధ ఉండదు.

ఇది ఫ్లైట్ రోజు దర్శనమే కదా అంటారేమో. నిజమే, దీని గురించి నేనూ చాలా ఆలోచించాను. వీలైతే ముందు రోజు సాయంత్రమే అయిపోవాలి. కాకపోతే పొద్దున తొమ్మిది దాకా చూసి, అప్పటికీ కాకపోతే బయటి నుంచే దణ్ణం పెట్టుకుని కారెక్కాలి. ఈ మాట బుకింగప్పుడే పెద్దవాళ్ళకు నేనే స్వయంగా చెబుతాను.

దారిలో పోచంపల్లి ఉంది. 1951లో వినోబా భావే భూదానం మొదలైన ఊరు. నూలుకు ముందే ముళ్ళు కట్టి రంగులద్ది, ఆ తర్వాత మగ్గం మీద నేయడం కళ్ళారా చూడొచ్చు. గంట చాలు. అక్కణ్ణుంచి ఔటర్ రింగు రోడ్డెక్కితే ఊళ్ళోకి పోకుండా మధ్యాహ్నానికి శంషాబాద్‌లో గది చేరతారు. ఇక సాయంత్రమంతా మీదే. పిల్లలు నిద్రపోతారు, అమ్మ పక్కన కూర్చోవచ్చు, బ్యాగులు తాపీగా సర్దుకోవచ్చు. అమెరికా టికెట్లకు ఎక్కువగా బ్యాగు 23 కిలోలే కాబట్టి తూకం మెషీన్ కారులోనే పెడుతున్నాం. ఆవకాయ, నెయ్యి చేతి బ్యాగులో పెట్టకండి, సెక్యూరిటీలో తీసేయొచ్చు.

తారీకు విషయం బుకింగులోనే తేల్చుకుందాం. టికెట్ మీద 14వ తారీకు 2:30 అని ఉంటే 13వ తారీకు రాత్రికే ఎయిర్‌పోర్టులో ఉండాలి. కిందటేడు ఒకరు 14 రాత్రికి కారు చెప్పారు. టికెట్ ఫోటో అడిగాం కాబట్టి సరిపోయింది. ఇకనుంచి టికెట్ ఫోటో లేకుండా బుకింగ్ తీసుకోం.

జులై, ఆగస్టు, సెప్టెంబరు ప్రయాణాలకైతే దారిలో దాటాల్సిన మున్నేరు నదిని దృష్టిలో పెట్టుకోవాలి. 2023 జులైలోనూ, 2024 సెప్టెంబరు మొదట్లోనూ నందిగామ దగ్గర ఐతవరంలో హైవే మీదికే నీళ్ళొచ్చి బండ్లు ఆగిపోయాయి. అప్పుడు పిడుగురాళ్ళ, మిర్యాలగూడ మీదుగా చుట్టు తిరగాల్సి వచ్చింది. అందుకే వానాకాలంలో ఫ్లైట్‌కు ముందు రాత్రి మున్నేరు దాటి అవతలే ఉండాలి.

డబ్బు సంగతి. ఒక రాత్రి ఎక్కువ కాబట్టి డ్రైవర్ బత్తా, బండి వెయిటింగ్ కలిపి మీకు 3,500 రూపాయలు పెరుగుతుంది. గది ఖర్చు మీదే, హోటల్ వాళ్ళ దగ్గర మేం కమీషన్ తీసుకోం. తిరిగొచ్చేటప్పుడు పెద్దవాళ్ళను తెల్లవారాకే బయల్దేరదీస్తాం, రాత్రంతా మేలుకున్న డ్రైవర్‌తో పంపం. అంత ఖర్చు వద్దనుకుంటే దారిలో ఒక్క భోజనానికి ఆగి నేరుగా దింపుతాం, పాత రేటే.

అడ్వాన్సు ఇప్పటికే కట్టినవాళ్ళకు ఈ మార్పు నచ్చకపోతే ఈ నెలాఖరులోగా చెప్పండి, మొత్తం తిరిగిచ్చేస్తాను. జనవరిలో కనుమ తర్వాతి నాలుగు రోజులకు మాత్రం తొందరగా చెప్పాలి. మా దగ్గర ఉన్నవి మూడు బండ్లే.