ఆ బాంబులకు కత్తిరించే తీగలు ఉండవు

సంపాదకులకు నమస్కారం.

రెండో ప్రపంచ యుద్ధం నాటి పాత బాంబు తవ్వకాల్లో బయటపడిందని యూరప్ నుంచి వార్త వచ్చినప్పుడల్లా ‘నిపుణులు నిర్వీర్యం చేశారు’ అన్న ఒక్క ముక్కతో సరిపెట్టేస్తున్నారు. సినిమాలేమో ఎర్ర తీగా, నీలి తీగా అంటూ కత్తెర చూపిస్తాయి. 1940లో బ్రిటన్ మీద పడిన జర్మన్ బాంబులకు కత్తిరించే తీగలేవీ బయటికి ఉండేవి కావు. అసలు పని ఎలా ఉండేదో తెలియడానికి స్టువర్ట్ ఆర్చర్ సంగతి చెప్పుకోవాలి.

ఆయన 1915లో పుట్టారు. వృత్తి ఆర్కిటెక్ట్. యుద్ధం రావడంతో బ్రిటిష్ సైన్యంలోని ఇంజినీర్ల విభాగమైన రాయల్ ఇంజినీర్స్‌లో ఆఫీసరై, పేలని బాంబుల పనిలోకి వచ్చారు. అప్పటికి ఆ విద్యకు పాఠాలు లేవు. ఒక్కో బాంబే ఒక్కో పాఠం.

జర్మన్ బాంబుకు ఫ్యూజు, అంటే బాంబును పేల్చే భాగం, ముక్కు దగ్గర కాక పక్కన ఉండేది. 250 కిలోల బాంబైతే అందులో దాదాపు సగం బరువు పేలుడు పదార్థమే. దాని మధ్యలోకి దిగిన ఉక్కు గొట్టంలో ఫ్యూజు కూర్చుని ఉంటుంది. పైకి కనిపించేది చిన్న గుండ్రటి లోహపు తల, దాని మీద రెండు పిన్నులు, వలయంలో ఒక అంకె. మట్టి తుడిచి ఆ అంకె చదవడమే ఆఫీసరు మొదటి పని.

15 అంటే కరెంటు ఫ్యూజు. బాంబు విమానం వదిలే క్షణంలో ఆ పిన్నుల గుండా లోపల కరెంటు దాచుకునే కండెన్సర్లకు కరెంటు ఎక్కుతుంది, నేలను తాకిన అదురుకు లోపలి స్విచ్చి కలుస్తుంది. పేలకుండా ఉండిపోతే, ఒక సాధనంతో పిన్నులు నొక్కి కరెంటు దింపేసి, బిగింపు రింగు విప్పి ఫ్యూజు లాగేవారు. ఆ కిటుకు పసిగట్టి జర్మన్లు 25 నంబరు తెచ్చారు. దాని పిన్నులు అలాగే నొక్కితే బాంబు పేలుతుంది. నిన్న కాపాడిన సాధనమే ఇవాళ ప్రాణం తీస్తుందన్నమాట.

17 అంటే గడియారం. మూడు రోజుల దాకా ఆలస్యం పెట్టొచ్చు. అందుకే జనాన్ని ఖాళీ చేయించి 96 గంటలు ఆగమన్నది నియమం. ఆగిపోయిన గడియారం పార తగిలిన కుదుపుకే మళ్లీ నడవొచ్చు. కొన్నిటిలో దాని అడుగున ‘జుస్-40’ అనే మరో ఉచ్చు ఉండేది. స్ప్రింగు బిగించిన సూదిని పైనున్న ఫ్యూజే అడ్డుకుని ఉంటుంది. ఫ్యూజును ఒకటిన్నర సెంటీమీటర్ మించి పైకి లాగితే చాలు, సూది వదులుకుని, పేలుడును రగిలించే డిటొనేటర్‌ను పొడుస్తుంది. బయటి నుంచి చూస్తే అది ఉన్నట్టు ఏ గుర్తూ ఉండదు. బాంబును కాదు, బాంబును విప్పే మనిషిని చంపడానికి చేసినది అది.

1940 సెప్టెంబరు 2న వేల్స్‌లో స్వాన్సీ దగ్గరి లాన్‌డార్సీ చమురు శుద్ధి కర్మాగారంలో పేలని బాంబులు నాలుగు పడి ఉన్నాయి. అక్కడ 96 గంటలు ఆగే వీలు లేదు. చమురు ట్యాంకులు మండుతున్నాయి. ఆర్చర్ అన్నింటికన్నా ఎక్కువ నష్టం చేయగల బాంబును ఎంచుకున్నారు. ఆయన పని చేస్తుండగానే మిగతావాటిలో కొన్ని పేలాయి. ఆ బాంబు వెనుక పలక ఊడి ఉండటంతో, ఫ్యూజు లాగే బదులు ఆ దారినే పేలుడు పదార్థం తోడేసి ఫ్యూజు గొట్టాన్ని మొత్తంగా బయటికి తీశారు. గడియారం ఫ్యూజు కింద జుస్-40 చెక్కుచెదరకుండా దొరికింది. అలా దొరకడం అదే మొదలు.

మా దృష్టిలో ఆయన చేసిన పనిలో పెద్దది ఇదే. కర్మాగారం దక్కింది సరే, ఆ వస్తువు చేతికి రావడం వల్ల 17 నంబరు కనిపిస్తే ఫ్యూజును చేత్తో లాగకూడదని మిగతా ఆఫీసర్లకు తెలిసింది. ఆ పనిలో ఇదే పద్ధతి. బాంబులు విప్పే పనిలోనే ఉన్న బ్రిటిష్ ప్రభువు సఫోక్ ఎర్ల్ తాను చేసే ఒక్కో అడుగూ పైకి చెబుతుంటే ఆయన సెక్రటరీ బెరిల్ మోర్డెన్ రాసుకునేవారు. తాము పోయినా అదే తప్పు ఇంకొకరు చేయకూడదని. 1941 మే 12న ఎరిత్ దగ్గర బాంబు పేలి ఆయనా, ఆమే, డ్రైవర్ ఫ్రెడ్ హార్డ్స్ కూడా చనిపోయారు.

ఆర్చర్‌కు 1941లో జార్జ్ క్రాస్ వచ్చింది. శత్రువు ఎదురుగా లేని చోట చూపిన ధైర్యానికి ఇచ్చే అత్యున్నత పతకం అది. రెండు వందలకు పైగా బాంబులు చూసిన ఆ మనిషి నూరేళ్లు నిండాక, 2015లో కన్నుమూశారు.

ఇకపై పాత బాంబు వార్త వేసినప్పుడు అది ఎన్ని కిలోలది, దాని ఫ్యూజు ఏ రకం, ఎన్ని గంటలు పట్టింది అన్నవి కూడా ఒక వాక్యంలో రాయించమని మనవి. వార్తా సంస్థలు ఆ వివరాలు పంపిస్తూనే ఉంటాయి, మనవాళ్లు అనువాదంలో వదిలేస్తున్నారు.

ఇట్లు,
మీ పాఠకులు