చెరువు పని లెక్క: ఈ ఏడాది చేసినవి, చేసి నాలుక కరుచుకున్నవి

సభ్యులందరికీ నమస్కారం. మన కాలనీ సంఘం వార్షిక నివేదిక అంటే ఏటా వాచ్‌మన్ జీతం, వీధి దీపాలు, చవితి పందిరి ఖర్చు, అంతే కదా. అవి చివర్లో రెండు ముక్కల్లో చెప్తాం. ఈసారి చెరువు గురించే ఎక్కువ ఉంటుంది, ఎందుకంటే పని ఎక్కువ చేసిందీ అక్కడే, తప్పు చేసిందీ అక్కడే.

ముందు తప్పు సంగతి. ఎండాకాలం నీళ్లు తగ్గాక ఆదివారాలు పొద్దున్నే కట్ట మీద చేరి గుర్రపు డెక్క లాగాం, గుర్తుందిగా. దాన్ని పార్కు వెనక కుప్ప పోశాం, ఎరువవుతుందని. నాలా వచ్చి కలిసే చోట పూడిక కూడా కాస్త తోడి మొక్కల పాదుల్లో వేశాం. మనలో సగం మంది ఊళ్ల నుంచి వచ్చినవాళ్లమే, చెరువు మట్టి పొలానికి తోలుకోవడం చిన్నప్పటి నుంచి చూసినదే, మిషన్ కాకతీయలో కూడా అదే చేశారు. అయితే మన నాలాకి పైన ఉన్నవి పొలాలు కావు, లోహపు సామాన్లకి పూత వేసే ప్లేటింగ్ షెడ్లు, రంగుల గోదాములు, పాత బ్యాటరీలు పగలగొట్టే కొట్లు.

మూడో వీధిలో ఉండే రిటైర్డ్ కెమిస్ట్రీ మేడమ్ ఆ కుప్ప చూసి ఆపించారు. ఆవిడ చెప్పింది ఇక్కడ రాస్తున్నాం, మీటింగ్‌కి రానివాళ్ల కోసం. అలాంటి చోట్ల నుంచి వచ్చే సీసం, కాడ్మియం, క్రోమియం లాంటి లోహాలు కుళ్లిపోయేవి కావు, ఎన్నేళ్లయినా ఉంటాయి. నీళ్లలో తేలుతూ ఉండవు, బురదకి పట్టుకుని అడుగున కూర్చుంటాయి. అందుకే పైన నీళ్లు తేటగా కనిపించినా అడుగు మట్టిలో విషం ఉండొచ్చు. గాలి ఆడని ఆ బురదలో కొన్ని లోహాలు గంధకంతో కలిసి కదలకుండా ఉంటాయి, మనం తోడి ఎండలో ఆరబెడితే గాలి తగిలి ఆ బంధం వీడి, మొదటి వానకే నీళ్లలోకి దిగుతాయి. గుర్రపు డెక్క వేళ్లతో లోహాల్ని బాగా పీల్చుకుంటుంది, లాగెయ్యడం మంచిదే, కానీ దాన్నే ఎరువు చేస్తే చెరువులో ఉన్నది తెచ్చి పార్కులో పెట్టుకున్నట్టే. గేదెలకి వెయ్యడం ఇంకా ఘోరం.

నమ్మకం కుదరక మట్టి నమూనా ల్యాబ్‌కి పంపాం. సీసం, క్రోమియం రెండూ ఎక్కువే వచ్చాయి. రిపోర్టు ఆఫీసు గోడకి అంటించాం, వచ్చి చూసుకోండి. అది చూశాక నాలుగు రోజులు అందరికీ టెన్షనే. పాదుల మట్టి పైపొర తీసి, డెక్క కుప్పతో సహా బస్తాల్లో కట్టి టార్పాలిన్ కింద పెట్టాం. మామూలు చెత్త బండికి ఇవ్వకూడదు. ఇలాంటి వాటికి దుండిగల్‌లో ప్రమాదకర వ్యర్థాల కేంద్రం ఉంది, అక్కడికి పంపాలని కాలుష్య నియంత్రణ మండలికి అర్జీ పెట్టాం. బస్తాలు ఇంకా కదల్లేదు.

ఈ బాధ మన ఒక్కరిదే కాదు. కూకట్‌పల్లి నాలా ఏళ్ల తరబడి జీడిమెట్ల, బాలానగర్ వైపు మురుగంతా హుస్సేన్‌సాగర్‌లోకి మోసింది. దాన్ని మళ్లించాక కూడా పెద్ద వాన పడితే పొంగి చెరువులోనే పడుతుంది. పైనుంచి వచ్చేది ఆపకుండా కింద తవ్వుకుంటూ పోతే ఏడాదికోసారి అదే పని. అందుకే తోడడం మానేసి నాలా వెంట నడిచాం, ఏ గొట్టం ఎక్కడ కలుస్తోందో ఫోటోలు తీశాం. ఒక షెడ్డు వెనక పసుప్పచ్చ నీళ్లు రాత్రిపూటే వదులుతున్నారు, పేరు ఇక్కడ రాయం, ఫిర్యాదులో రాశాం. ఒకసారి తనిఖీకి వచ్చారు, ఆ వేళ నాలా నీళ్లు కొబ్బరినీళ్లలా ఉన్నాయి, ఏం చెప్తాం!

చవితికి ఈసారి అందరం మట్టి వినాయకుడినే పెట్టాం, రంగుల్లేకుండా. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లోనే ప్లాస్టర్ విగ్రహాలు వద్దంది, అయినా పిల్లలు మొదట మొహం ముడుచుకున్నారు. బతుకమ్మకి గునుగు పూలకి అద్దే రంగు గురించి అడిగితే మాత్రం ఆడవాళ్ల దగ్గర మాట పడ్డాం, ఆ చర్చ ఇంకా నడుస్తోంది.

బోరు నీళ్ల గురించి చాలామంది అడిగారు. మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ లోహం పోదు, నీళ్లు ఆవిరయ్యేకొద్దీ చిక్కబడుతుంది. తాగే నీళ్లలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదని మన దేశ ప్రమాణం. టెస్టు అయ్యేదాకా తాగడానికి, వంటకి మంజీరా నీళ్లే వాడండి. కట్ట పక్కన పెంచిన పాలకూర, తోటకూర తెంపుకోకండి.

వాచ్‌మన్ జీతం, దీపాల బిల్లు కట్టేశాం. చవితి చందాలో మిగిలింది ల్యాబ్ ఫీజుకి వాడాం, దానికి అభ్యంతరం ఉన్నవాళ్లు వచ్చే మీటింగ్‌లో చెప్పండి. బోరు నీళ్ల టెస్టుకి పేర్లు ఆఫీసులో రాసుకుంటున్నారు. బస్తాలు పోయేదాకా పార్కు వెనక గేటుకి తాళమే, బంతి అవతల పడితే పిల్లల్ని గోడ దూకనివ్వకండి, వాచ్‌మన్‌ని పిలవమనండి.