రేవు చేరాక మిగిలిన సగం

విశాఖపట్నం

చిరంజీవి అమ్మలుకి,

నాన్న ఆశీస్సులు.

మొన్న నువ్వు ఫోనులో "నాన్నా, ఈ రోజు తెల్లవారుజామున ఇథాకా పక్కగా వచ్చాం" అన్నప్పుడు నాకు మాట పెగలలేదు. లైను పోయిందనుకుని నువ్వు పెట్టేశావు. లైను బాగానే ఉంది. మేడ మీద చాప పరుచుకుని నీకు చెప్పిన కథలోని దీవిని నువ్వు ఓడలో డ్యూటీ చేస్తూ చూశావంటే ఏమనాలో తోచలేదు, అంతే. గ్రీసుకు పడమటి వైపు అయోనియన్ సముద్రంలో, కెఫలోనియా అనే పెద్ద దీవిని ఆనుకుని, వంద చదరపు కిలోమీటర్లు కూడా లేని రాళ్ల నేల అది. ఆ నేల కోసమే దాని రాజు ఒడిస్సియస్, పదేళ్ల ట్రాయ్ యుద్ధం ముగిశాక మరో పదేళ్లు నీళ్ల మీద అల్లాడాడు.

నీకు నేను చెప్పింది సగం కథే, అమ్మలూ. ఒంటికన్ను రాక్షసుడు పోలిఫీమస్ గుహ, గొర్రెల పొట్టల కింద దాక్కుని బయటపడటం, పాటతో మనుషులను చావుకు లాగే సైరన్లు అనే మాయకత్తెల పాట వినపడకుండా నావికుల చెవులకు మైనం పెట్టడం. అక్కడికి వచ్చేసరికి నీకు నిద్ర పట్టేది. హోమర్ అనే ప్రాచీన గ్రీకు కవి పేరున నిలిచిన ఆ కావ్యం 'ఒడిస్సీ'లో 24 సర్గలున్నాయి. మనం చెప్పుకున్న వింతలన్నీ 9 నుంచి 12 వరకు, నాలుగు సర్గల్లోనే అయిపోతాయి. అవి కూడా ఒడిస్సియస్ పరాయి రాజు ఇంట విందులో కూర్చుని తనే చెప్పుకున్నవి. 13వ సర్గలో అతను ఇథాకా ఒడ్డున దిగుతాడు. ప్రయాణం అక్కడితో అయిపోయింది, కావ్యం మాత్రం దాదాపు సగం మిగిలే ఉంది. ఆ మిగిలిన సగమంతా ఒడ్డు నుంచి ఇంట్లోకి వెళ్లడమే.

చిన్నపిల్లకు అది ఎక్కదని అప్పుడు చెప్పలేదు. ఇప్పుడు చెప్పాలని ఉంది. పోయిన సెలవుల్లో నువ్వు వంటగది గుమ్మంలో నిలబడి, "ఇంట్లో చుట్టంలా అనిపిస్తోంది నాన్నా" అన్నావు. ఎనిమిది నెలలైంది, ఆ మాట నన్ను వదలలేదు.

ఒడిస్సియస్ ట్రాయ్ నుంచి 12 ఓడలతో బయలుదేరాడు. ఏయోలస్ అనే వాయుదేవుడు ఎదురుగాలులన్నింటినీ ఎద్దుతోలు సంచిలో బంధించి ఇచ్చాడు. తొమ్మిది రోజులు, తొమ్మిది రాత్రులు తెరచాప తాడును ఒడిస్సియస్ ఎవరి చేతికీ ఇవ్వలేదు. పదో రోజున ఇథాకా కనిపించింది. ఒడ్డున మంటలు వేసుకుంటున్న మనుషులు కూడా కనిపించేటంత దగ్గర. అప్పుడు అతనికి నిద్ర ముంచుకొచ్చింది. సంచిలో బంగారం, వెండి ఉన్నాయనుకుని నావికులు మూతి విప్పారు. గాలులు ఓడలను మళ్లీ నడిసముద్రంలోకి ఈడ్చుకుపోయాయి. మేలుకున్న ఒడిస్సియస్ నీళ్లలోకి దూకి చావాలా అని ఒక్క క్షణం ఆలోచించాడట. చివరికి ఓర్చుకుని, ముసుగు తన్ని ఓడలోనే పడుకున్నాడు.

తప్పు నావికులదేనని అందరూ అంటారు. నాకు అలా అనిపించదు. సంచిలో ఏముందో వాళ్లకు ఒక్క మాట చెప్పి, తాడును రెండు గంటలు ఇంకొకరికి ఇచ్చి ఉంటే ఆ పూటే ఇల్లు చేరేవాడు. నిద్రలేని కాపలా మనిషిని ఏం చేస్తుందో నాకన్నా నీకే బాగా తెలుసు. నీ వంతు అయిపోయాక పడుకో, తల్లీ. ఇది కథలోది కాదు, నా మాట.

ఆ తర్వాత 11 ఓడలు ఒక్క రేవులోనే రాక్షసుల చేతిలో ముక్కలయ్యాయి. చివరి ఓడ పిడుగుపాటుకు పోయింది. ఒక్కడే నీళ్లలో కొట్టుకుపోయి కాలిప్సో అనే దేవకన్య దీవికి చేరాడు. ఏడేళ్లు అక్కడే. చావూ ముసలితనమూ లేకుండా చేస్తానని ఆమె అంది. నా భార్య పెనెలోపి నీ అంత అందగత్తె కాదు, అయినా నాకు ఇల్లే కావాలి అన్నాడతను. పగలంతా ఒడ్డున కూర్చుని సముద్రం వైపు చూస్తూ ఏడ్చేవాడు. ఇంటికి తిరిగి రావడాన్ని గ్రీకులు నోస్టోస్ అంటారు. 1688లో యోహానెస్ హోఫర్ అనే స్విట్జర్లాండ్ వైద్య విద్యార్థి ఆ మాటకు నొప్పి అనే అర్థమున్న మరో గ్రీకు మాట జోడించి, ఇంటికి దూరమైనవాళ్ల జబ్బుకు 'నోస్టాల్జియా' అని పేరు పెట్టాడు. మనకు మాత్రం బెంగ అనే రెండక్షరాలు ఎప్పటినుంచో ఉన్నాయి.

బెంగ అన్నాను గనుక ఇదీ చెప్పాలి. నీకు ఎన్నడూ చెప్పని భాగం. దారిలో ఒడిస్సియస్ చచ్చినవాళ్ల లోకం అంచు దాకా వెళ్తాడు. అక్కడ తల్లి ఆంటిక్లియా కనిపిస్తుంది. ఇంటి నుంచి బయలుదేరేటప్పుడు ఆమె బతికే ఉంది. ఎలా పోయావమ్మా, జబ్బు చేసిందా అని అడుగుతాడు. జబ్బు కాదు నాయనా, నీ మీద బెంగే అంటుందామె. మూడుసార్లు కౌగిలించుకోబోతాడు. మూడుసార్లూ ఆమె నీడలా, కలలా చేతుల్లోంచి జారిపోతుంది.

నాయనమ్మ పోయిననాడు నువ్వు పసిఫిక్ మధ్యలో ఉన్నావు. మూడు నెలల తర్వాత వచ్చి, ఆమె మంచం ఉండే చోట ఖాళీ గచ్చును చూస్తూ నిలబడ్డావు. నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. ఆమెకు 84 ఏళ్లు. రాత్రి పెరుగన్నం తిని, "పిల్ల ఇప్పుడు ఏ ఊరి దగ్గరుందిరా" అని అడిగి, నేను చెబితే విని పడుకుంది. నిద్రలోనే పోయింది. అది బెంగ కాదు, అమ్మలూ. నీ ఓడ ఎక్కడుందో తెలుసుకునే పోయింది.

మళ్లీ కథలోకి వస్తాను. కాలిప్సో చివరికి వదిలిపెట్టింది. 20 చెట్లు నరికి, నాలుగు రోజుల్లో తెప్ప కట్టుకున్నాడు. సప్తర్షి మండలాన్ని ఎడమచేతి వైపు ఉంచుకుని నడుపు అని ఆమె చెప్పి పంపింది. అంటే తూర్పుకు. 17 రోజులు కృత్తికల మీదా సప్తర్షుల మీదా చూపు తిప్పకుండా, కన్ను మూయకుండా నడిపాడు. నీకు మేడ మీద ఆ ఏడు చుక్కలూ చూపించి ధ్రువ నక్షత్రాన్ని పట్టుకోవడం నేర్పింది ఈ కథ చెబుతూనే. నీకు గుర్తుందో లేదో.

తుఫానులో తెప్ప చెదిరిపోయింది. ఫయేషియన్లు అనే మంచి మనుషులు ఆదరించి, తమ ఓడలో తీసుకువచ్చి, నిద్రపోతున్నవాణ్ణి దుప్పటితో సహా ఇథాకా ఇసుకలో పడుకోబెట్టి వెళ్లిపోయారు. ఇక్కడ ఆగి చూడు. 20 ఏళ్ల తర్వాత సొంత నేల మీద కళ్లు తెరిచాడు. పోల్చుకోలేకపోయాడు. ఎథీనా దేవత మంచు కమ్మించింది. బాటలు, రేవులు, కొండలు, చెట్లు అన్నీ కొత్తగా కనిపించాయి. తొడలు చరుచుకుని, "అయ్యో, ఇది ఎవరి దేశం?" అని ఏడ్చాడు. ఓడవాళ్లు తనను మోసం చేసి ఎక్కడో దింపారనుకుని, ఇచ్చిన కానుకలు అన్నీ ఉన్నాయో లేదో లెక్కపెట్టుకున్నాడు.

వంటగది గుమ్మంలో నువ్వు ఆ మాట అన్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఇదే.

ఆ తర్వాత బిచ్చగాడి వేషంలో ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లాడు. ఆర్గోస్ అనే కుక్క పేడకుప్ప మీద, ఒళ్లంతా పిడుదులతో పడి ఉంది. ట్రాయ్‌కి వెళ్లకముందు తను పెంచిన కుక్క. యజమాని దగ్గరికి రాగానే చెవులు వాల్చింది, తోక ఆడించింది, లేవడానికి మాత్రం శక్తి లేదు. పక్కనున్నవాడు చూడకుండా ఒడిస్సియస్ కన్ను తుడుచుకున్నాడు. కుక్క అక్కడే ప్రాణం వదిలింది. పెంచిన దాది యూరిక్లియా కాళ్లు కడుగుతూ, అడవిపంది కోర గీసిన పాత మచ్చను తడిమింది. చేతిలోంచి పాదం జారి కంచు పళ్లెంలో పడింది. పళ్లెం ఖంగుమని ఒరిగి నీళ్లన్నీ ఒలికిపోయాయి.

పెనెలోపిని పెళ్లాడాలని ఇంట్లో తిష్ఠవేసిన 108 మందిని చంపిన సంగతి నీకు తెలుసు. అది మళ్లీ చెప్పాలని లేదు. ఆ తర్వాత 12 మంది దాసీలను ఉరితీయడం నాకు ఎన్నిసార్లు చదివినా మింగుడుపడదు.

అంతా అయ్యాక కూడా పెనెలోపి నమ్మలేదు. ఎదురుగా కూర్చుని చూస్తూ ఉండిపోయింది. చివరికి దాదితో, "ఆయన మంచం గదిలోంచి బయటికి తెచ్చి పక్క వెయ్యి" అంది. ఒడిస్సియస్‌కు చర్రున కోపం వచ్చింది. "నా మంచాన్ని ఎవరు జరిపారు? అది జరిగేది కాదు. పెరిగిన ఆలివ్ చెట్టు మొదలునే కోడుగా చెక్కి, దాని చుట్టూ గది కట్టింది నేను!" అన్నాడు. ఆమె మోకాళ్లు వణికాయి. ఏడుస్తూ పరుగెత్తి మెడను చుట్టేసింది. అన్నేళ్ల ఓర్పు, అంత తెలివి ఉన్న మనిషిని ఆ కోపమే పట్టి ఇచ్చింది.

పోయిన సెలవుల్లో రెండో రోజున నువ్వు నీ గదిలోకి వెళ్లి, "నా బల్ల కిటికీ దగ్గర నుంచి ఎవరు జరిపారు?" అని ఇల్లు అదిరేలా అరిచావు. కుట్టుమిషను పెట్టడానికి మీ అమ్మ, నేనూ జరిపాం. ఆ రోజు మేం నొచ్చుకున్నాం, నువ్వూ నొచ్చుకున్నావు. ఇప్పుడు తలచుకుంటే నాకు ఎంతో హాయిగా ఉంది. చుట్టాలు అలా అరవరు, అమ్మలూ.

చివరి సర్గలో ముసలి తండ్రి లయర్టీస్ ఉన్నాడు. మాసికల బట్ట కట్టుకుని, మేకతోలు టోపీ పెట్టుకుని, తోటలో ఒక్కడే మొక్కకు పాదు తవ్వుకుంటున్నాడు. గుర్తు చెప్పమన్నాడు. కొడుకు మచ్చ చూపించాడు, ఆ తర్వాత చెట్లు లెక్కపెట్టాడు. చిన్నప్పుడు నీ వెంట పడి అడిగితే ఒక్కొక్క దాని పేరూ చెబుతూ నాకిచ్చావు, 13 బేరి చెట్లు, 10 ఆపిల్ చెట్లు, 40 అంజూరాలు, 50 వరుసల ద్రాక్ష ఇస్తానన్నావు అని. ముసలివాడు తూలి కొడుకు మీద వాలిపోయాడు. ఈ భాగం నేను బయటికి చదవలేను, గొంతు పట్టేస్తుంది.

వచ్చే నెల ఏ రేవులో దిగుతావో ఖాయం కాగానే చెప్పు. విమానాశ్రయానికి నేనూ అమ్మా వస్తాం. కుట్టుమిషను నాయనమ్మ గదిలోకి మార్చాం. నీ బల్ల కిటికీ దగ్గరే ఉంది.

నాన్న