కనుమ రాత్రి నాటకానికి చేయూతనిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు

కడప నగరంలోని నిరాశ్రయుల వసతి గృహం ఆవరణలో కనుమ పండుగ రాత్రి మా బృందం ప్రదర్శించిన హరిశ్చంద్ర పద్యనాటకం ఏ ఆటంకమూ లేకుండా ముగిసింది. ఇందుకు తోడ్పడిన వారు ఎవరెవరు ఏమేమి చేశారో నలుగురికీ తెలియాలన్న ఉద్దేశంతో బృందం తరఫున ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. వసతి గృహంలో ఉంటున్నవారికి పండుగ పూట మంచి వినోదం అందించారని మిత్రులు కొందరు మమ్మల్ని మెచ్చుకుంటున్నారు. వారి అభిమానానికి సంతోషమే గానీ, ఆ రాత్రి నాటకాన్ని నిలబెట్టింది అక్కడ ఉంటున్నవారేనని మొట్టమొదట చెప్పుకోవడం మా ధర్మం.

రిహార్సల్సు కూడా తమ వరండాలోనే చేసుకొమ్మని వారు చోటిచ్చారు. రాజ్యం పోగొట్టుకున్న హరిశ్చంద్రుడు భార్యాబిడ్డలతో, వెంట నక్షత్రకుడితో కాశీకి నడిచే ఘట్టంలో చంద్రమతి వేషం కట్టిన సోదరి రంగస్థలం మీదికి రాగానే చేతిలోని మూటను ఒక పక్కన దించి పద్యం ఎత్తుకునేవారు. గోడవార కూర్చుని చూస్తున్న ఒక అవ్వ పద్యం పూర్తయ్యేదాకా ఓపిక పట్టి, ఆమెను దగ్గరికి పిలిచి, "ఏమ్మా, ఇల్లు లేనిదానివి మూటను అట్లా దూరంగా పెడితే ఎట్లా? కూచున్నా ఒళ్లో ఉండాల, పండుకున్నా తలకింద ఉండాల" అని చెప్పింది. ఆనాటి నుంచి ఆ మూట చంద్రమతి ఒంటిని విడిచింది లేదు. కాశీ వీధిలో అమ్ముడుపోయి వెళ్లిపోయే ముందు ఆమె దానిని భర్త చేతుల్లో పెట్టినప్పుడు, పద్యం మొదలుకాకముందే ముందు వరుసలోని ఆడవాళ్లు కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. ఎన్నో ఏళ్లుగా ఈ నాటకం ఆడుతున్న మాకు ఏ దర్శకుడూ చెప్పని సంగతిని చెప్పిన ఆ అవ్వకు పాదాభివందనాలు.

ఒకప్పుడు షామియానా దుకాణంలో పనిచేసిన పెద్దాయన ఒకరు వేదికకు గుంజలు పాతించి, తెర తాళ్లు కట్టి, ఆఖరి దాకా తెర లాగే బాధ్యతను తానే తీసుకున్నారు. పద్యం చివరి ఆలాపన ఎక్కడ ఆగుతుందో చెవితో పట్టి, హార్మోనియం శ్రుతి నిలిచిన తరువాతే తెర దించిన ఆయన నేర్పును ఎంత పొగిడినా తక్కువే. వేదిక ముందు కళ్లాపి చల్లి ముగ్గులు పెట్టిన అక్కలకు, మేకప్ గదిలో దివిటీలా లైటు పట్టుకుని నిలబడిన తమ్ముడికి కూడా మా కృతజ్ఞతలు.

వసతి గృహం మేనేజరు గారు మొదటే రెండు షరతులు పెట్టారు. తెల్లవారకముందే లేచి కూలి అడ్డాకు పోవలసినవారు చాలామంది కనుక నాటకం పది గంటల లోపు ముగియాలన్నది ఒకటి, అక్కడ ఉంటున్నవారి ముఖాలు ఫొటోల్లో పడకూడదన్నది రెండవది. తెల్లవార్లూ నాటకం ఆడే అలవాటున్న మాకు మొదటి షరతు కష్టమే అయినా, ఇంద్రసభను, వేట ఘట్టాన్ని కుదించి వేళకు ముగించగలిగాము. రెండవ షరతు విషయంలో ఆమెను ప్రత్యేకంగా అభినందించాలి. సాయం పేరిట మనుషుల ముఖాలను ఊరంతా చూపించడం మర్యాద కాదు. తెర లేవడానికి ముందు ఆమె మాట్లాడుతూ, లక్ష జనాభాకు ఒకటి చొప్పున, ఏడాది పొడవునా 24 గంటలూ తెరచి ఉండే ఆశ్రయాలు నగరాల్లో ఏర్పాటు చేయాలని సుప్రీంకోర్టు 2010లో ఆదేశించిన సంగతి వివరించారు. చలిలో రోడ్డు పక్కన పడుకున్నవారు కంటబడితే ఇక్కడికి తీసుకురావచ్చని వచ్చినవారందరికీ చెప్పారు. ఆ భవనం ముందు నుంచి రోజూ వెళ్లే మాలో కొందరికి కూడా ఈ విషయం అప్పటిదాకా తెలియదు.

ఈ జిల్లాలో నాటకానికి, నిలువ నీడ లేనివారికి సంబంధం కొత్తది కాదు. తోలుబొమ్మలు పట్టుకుని ఊరూరా తిరిగిన కుటుంబాలే 1885లో ఇక్కడి సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారి నాయకత్వంలో కీచకవధ ఆడి, తెలుగునాట పేరుమోసిన నాటక సమాజంగా ఎదిగాయి. ప్రొద్దుటూరు నుంచి పండుగ పూట ఇల్లు విడిచి వచ్చి, బస్సు ఛార్జీలు కూడా పుచ్చుకోని హార్మోనియం, తబలా విద్వాంసులు ఆ సంప్రదాయానికి తగిన వారసులు. కాటిసీనులో జాషువా గారి శ్మశాన పద్యాలకు మూడుసార్లు వన్స్ మోర్ పడితే, గొంతు బొంగురుపోతున్నా కాదనకుండా పాడిన మా హరిశ్చంద్రుడికి కూడా నమస్కారాలు. డ్రెస్సులను అద్దె లేకుండా ఇచ్చిన యజమానికి, మైకు సెట్టు పెట్టిన అన్నకు, ఇంటింటి నుంచి అలసంద వడలు, ఓళిగలు సేకరించి తెచ్చిన వీధి మహిళలకు ధన్యవాదాలు.

పద్యానికి మెచ్చి ప్రేక్షకులు చదివించిన సొమ్ము సాధారణంగా నటులకు చెందుతుంది. ఈసారి నటులందరూ దానిని వసతి గృహానికే ఇవ్వాలని ఏకగ్రీవంగా నిర్ణయించారు. మైకులో పేరు చదివించుకోకుండా నోటు మడిచి పళ్లెంలో వేసిన వారు చాలామంది ఉన్నారు; పేరు తెలియకపోయినా ఈ కృతజ్ఞత వారికీ చెందుతుంది. వసూలైన ప్రతి రూపాయి లెక్క వసతి గృహం నోటీసు బోర్డు మీద అంటించాము, ఎవరైనా వచ్చి చూడవచ్చు. ఆ డబ్బుతో ఏమి కొనాలన్నది అక్కడ ఉంటున్నవారే కూర్చుని నిర్ణయించుకుంటున్నారు. ముందుగా అడిగినవి దుప్పట్లు, తాళం వేసుకునే ఇనుప పెట్టెలు. పెట్టెల తయారీలో గానీ, తక్కువ ధరకు ఇప్పించడంలో గానీ సాయపడగలవారు పగటి వేళ మేనేజరు గారిని కలవవలసిందిగా కోరుతున్నాము.