వృష సంవత్సరపు ఫోటో: ముగ్గురికి నా కృతజ్ఞతలు

పోయిన ఆదివారం మా అమ్మ ఎనభయ్యో పుట్టినరోజు. ఆ రోజు ఆమె చేతిలో ఒక పాత ఫోటో పెట్టాం. ఆ ఫోటో మళ్ళీ చూడగలిగామంటే ముగ్గురి చలవే. తమ పేర్లు రాయొద్దని ముగ్గురూ గట్టిగా చెప్పారు, అందుకే రాయడం లేదు. కానీ నాలుగు మాటలైనా అందరి ముందూ చెప్పుకోకపోతే నాకు మనసు ఊరుకోదు.

అది మా అమ్మమ్మ పుట్టింటివాళ్ళ ఫోటో. ముత్తాత 1933లో, మన విశాఖ హార్బర్ మొదలైన ఏడాదే, అక్కడ గుమాస్తాగా చేరారు. కాపురం వన్‌టౌన్‌లో, కురుపాం మార్కెట్‌కి దగ్గర్లో. ఫోటోలో తొమ్మిది మంది ఉంటారు. మధ్యలో కుర్చీల్లో ముత్తాత, ముత్తమ్మమ్మ, వాళ్ళ వెనక నిలబడి ముగ్గురు ఆడపిల్లలు, కింద జంపఖానా మీద ముగ్గురు చిన్నపిల్లలు, కుడివైపు చివర తలపాగాతో ఒక పెద్దాయన. వెనక తెర మీద మేడమెట్లు, పూలకుండీలు గీసి ఉంటాయి. వెనక ఉన్న ముగ్గురిలో ఒకరు మా అమ్మమ్మ. మిగతా ఇద్దరిలో ఒకరు అమ్మమ్మ చెల్లెలు, ఇంకొకరు పెదనాన్న కూతురు. ఎవరు ఎవరో మాకు తెలియదు. మా అమ్మకి పెట్టింది ఆ చెల్లెలి పేరే. చిన్న వయసులోనే పోయిందని మాత్రం చెప్పేవారు. ఫోటోలో ఎవరమ్మా అని అడిగితే అమ్మమ్మ కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయేది. ఇక మేమూ అడగడం మానేశాం.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు సముద్రం వైపు కిటికీ ఊడిపడి ఇల్లంతా వాన. గోడ మీది ఫ్రేమ్ నిండా నీళ్ళు. కరెంటు లేక, తాగే నీళ్ళకే తిప్పలు పడుతున్న ఆ రోజుల్లో ఫోటో సంగతి ఎవరు చూస్తారు? తర్వాత చూస్తే ఫోటో అద్దానికి అతుక్కుపోయి ఉంది. అలాగే పాత చీరలో చుట్టి ట్రంకుపెట్టెలో పెట్టేశాం.

ఈ ఏడాది అమ్మ కోసం దాన్ని బయటకు తీసి ఒక షాపుకి తీసుకెళ్ళాను. అతను బ్లేడుతో ఒక మూల లేపబోయాడు. ముత్తాత పంచె అంచు, జంపఖానా మూల కాగితం మీంచి లేచి అద్దానికే ఉండిపోయాయి. అక్కడే ఆపించి, గుండె దడదడలాడుతుంటే ఇంటికి తెచ్చేశాను.

మొదటి కృతజ్ఞత అప్పుడు దొరికిన మాస్టారికి. డెబ్బై దాటిన మనిషి, ఒకప్పుడు స్టూడియో నడిపారు, డార్క్‌రూమ్ పనిలో చెయ్యి తిరిగినవారు. ఫ్రేమ్ చూడగానే, "తల్లీ, ఇంక దీన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వకు" అన్నారు. ఆ కాలపు ఫోటో కాగితం మీద జెలటిన్ పొర ఉంటుందట. బొమ్మ అంతా ఆ పొరలోని వెండి రేణువులే. పొర తడిస్తే ఉబ్బి మెత్తబడుతుంది, అద్దానికి ఆని ఆరితే జిగురులా పట్టేస్తుంది. లాగితే కాగితం చేతికొస్తుంది, మనుషులు అద్దానికి ఉండిపోతారు. వెంటనే అయితే చల్లటి నీళ్ళలో నానబెట్టి ఒక ప్రయత్నం చెయ్యొచ్చు గానీ ఇన్నేళ్ళు ఎండిపోయాక, పైగా బుగ్గలకీ చీరలకీ చేత్తో రంగులు అద్దిన ఫోటోకి, ఆ సాహసం వద్దన్నారు. అద్దంతో పాటే ఫోటో తీద్దామన్నారు.

ఆ పని చూడాల్సిందే. గది తలుపులు మూసి చీకటి చేశారు. ఫ్రేమ్‌ని బల్ల మీద పడుకోబెట్టి, చెరో పక్క నుంచి ఏటవాలుగా రెండు లైట్లు. కెమెరా నీడ అద్దంలో పడకుండా నల్లగుడ్డకి చిల్లు పెట్టి అందులోంచి లెన్స్. నల్లటి చోట్ల వెండి పైకి తేలి నీలంగా మెరుస్తుంటే, ఆ మెరుపు తగ్గేదాకా లైట్లని బెత్తెడు ఇటూ బెత్తెడు అటూ జరుపుతూ మూడు గంటలు నిలబడే ఉన్నారు. డబ్బులిస్తే తీసుకోలేదు.

ఫ్రేమ్ వెనక చెక్క విప్పినప్పుడు అట్ట మీద ముత్తాత చేతిరాత కనిపించింది: "వృష సం. ఆశ్వయుజం". మాస్టారు వేళ్ళ మీద లెక్కేసి, "వృష 2001లో వచ్చింది, అంతకు ముందు అరవై ఏళ్ళంటే 1941. దసరా రోజులు" అన్నారు. నాకు ఒళ్ళు జలదరించింది. ఆ తర్వాత ఆరు నెలలకే, 1942 ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు మన హార్బర్ మీద బాంబులు వేశాయి. ఊళ్ళో చాలామంది పల్లెలకు వెళ్ళిపోయారు. మావాళ్ళూ ఎడ్లబండి కట్టుకుని విజయనగరం వైపు వెళ్ళారు.

రెండో కృతజ్ఞత మాస్టారి మనవరాలికి. కంప్యూటర్‌లో మచ్చలూ గీతలూ తుడవడానికి కాలేజీ నుంచి వచ్చాక రోజూ కూర్చుంది ఆ పిల్ల. ఊడిపోయిన పంచె అంచుని ఏఐతో కల్పించేయొచ్చు కదా అని నేనే అడిగాను. "వద్దు ఆంటీ, ఉన్నది బాగా కనిపించేలా చేద్దాం. లేనిది మనం పెట్టకూడదు" అంది. ముఖాల జోలికి అసలు పోలేదు. ఊడిన చోటు లేత బూడిదరంగులో అలాగే ఉంది. ఆ పిల్ల చెప్పిందే సబబు. ముఖాలు అందంగా రావాలని కొత్తగా గీయించుకుంటే అవి మనవాళ్ళ ముఖాలు కావు.

మూడో కృతజ్ఞత భీమిలిలో ఉంటున్న మా చిన్నమ్మమ్మకి. అమ్మమ్మ ఆఖరి చెల్లెలు, ఇప్పుడు 92 ఏళ్ళు. ఫోటోలో జంపఖానా మీద కూర్చున్న ఎనిమిదేళ్ళ పిల్ల ఆవిడే. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా కూర్చోబెట్టి అడగాలని నాకు తోచలేదు. అది నా తప్పే. ట్యాబ్‌లో ఫోటో పెద్దది చేసి చూపిస్తే ముందు తనని తాను చూసుకున్నారు. కుడిచెయ్యి మసకగా పడింది. "కదలొద్దన్నాడమ్మా ఆ ఫోటో ఆయన. నల్లగుడ్డలో దూరిపోనాడు. నాకు భయమేసి అప్ప చీర పట్టుకోబోయాను" అన్నారు. అప్ప అంటే అక్క. తర్వాత వేలు పైకి జరిపి, వెనక ఎడమవైపు పిల్ల దగ్గర ఆగారు.

"ఇదే మా చిన్నప్ప. ఎడం చెయ్యి కుర్చీ ఎనకాల దాసుకుంది సూడు. గంజి వారుస్తుంటే కాలిపోనాది. మానింది గానీ మచ్చ పోలేదు. ఎవరికీ చూపించేది కాదు."

ఇంకా పెద్దది చేసి చూశాం. ముగ్గురిలో ఆ పిల్ల ఒక్కదానికే ఎడం చెయ్యి కనిపించదు. కుర్చీ పైపట్టె మీద మూడు వేళ్ళ కొసలు మాత్రం ఉన్నాయి. పల్లెకి వెళ్ళిన ఏడాదే, వానాకాలంలో, జ్వరం వచ్చి పోయిందట. మూడేళ్ళకి మా అమ్మ పుట్టింది.

ఆదివారం అమ్మ ఆ ఫోటోని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "నా పేరు పిల్ల ఎంత పొడుగుందో చూడవే" అంది నాతో.

మాస్టారు చెప్పిన జాగ్రత్తలు మీకూ చెప్తాను. మనది సముద్రపు గాలి ఊరు, బయటి గోడకు పాత ఫోటోలు తగిలించొద్దు. అద్దానికీ ఫోటోకీ మధ్య అట్ట అంచు పెట్టించి కాస్త ఎడం ఉంచండి. లామినేషన్ అసలు వద్దు, జిగురు పేజీల ఆల్బమ్‌లూ వద్దు. వెనక మెత్తటి పెన్సిల్‌తో, గట్టిగా నొక్కకుండా, పేర్లు రాయండి. చెప్పగలిగే పెద్దవాళ్ళు ఉండగానే రాయండి.

మా కాపీ వెనక ఎనిమిది పేర్లు రాశాం. తలపాగా పెద్దాయన పేరు చిన్నమ్మమ్మకీ గుర్తు రాలేదు. హార్బర్‌లో నాన్నతో పనిచేసేవారు, మాకు పటికబెల్లం తెచ్చేవారు అని మాత్రం చెప్పారు. ఆ చోటు ఖాళీగా ఉంచాం.

మాస్టారికి ఒకటి, చిన్నమ్మమ్మకి ఒకటి ఫ్రేములు కట్టించాను. ఈ శనివారం అమ్మని తీసుకుని భీమిలి వెళ్తున్నాం.